ప్రోనోటు లేని ప్రవచనములు

ధ్యాన భాగము: యిర్మీయా 28వ అధ్యాయము



గడచిన నెలలో ఒక బుధవారపు కూటము ముగిసిన పిమ్మట అందరును ఇండ్లకు వెళ్లిరి గాని, మన సంఘ సభ్యుడొకడు తువ్వాలు భుజముమీద వేసికొని గుడి మెట్లమీద కూర్చుండియుండెను. అతనికి రెండెకరముల పత్తిచేను కలదు. పెద్ద కుమార్తె ఇంటరు మంచి మార్కులతో ప్యాసై, పట్టణములో ఎక్స్‌రే, స్కానింగు పని నేర్పు కోర్సులో సీటు సంపాదించుకొన్నది. మొదటి సంవత్సరపు ఫీజు కొరకు అతడు పాడిగేదెను అమ్మి, ఆ డబ్బు ఇంట దాచియుంచెను. కట్టవలసిన గడువు ఇంక నాలుగు దినములే యుండెను.

"అయ్యగారూ, మా బావమరిది సెల్‌ఫోనులో ఒకటి చూపించాడు. అమెరికాలో పెద్ద ధనవంతుడంట. పదేళ్లలో డాక్టర్ల పనీ పంతుళ్ల పనీ మిషన్లే చేస్తాయి, మనుషుల అవసరం పెద్దగా ఉండదు అన్నాడంట. ఎక్స్‌రే చూసేది కూడా మిషనే అయితే మా పిల్ల చదివి ఏం చేస్తుంది? గేదె డబ్బులు కట్టమంటారా, మానమంటారా?" అని అతడు నన్నడిగెను.

నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. మరునాడు రమ్మని పంపివేసితిని. ఆ రాత్రి నేను తలపోసిన సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాను. ఏలయనగా ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. పిల్లలను చదివించుచున్న ప్రతి ఇంటి గడపయొద్దను ఇది నేడు నిలిచియున్నది.

1. వారు చెప్పుచున్న మాట

ఈ క్రొత్త యంత్రమును కృత్రిమ మేధ అనియు, ఏఐ అనియు పిలుచుచున్నారు. మనుష్యులు వ్రాసిన లెక్కలేనన్ని పుస్తకములను, పత్రికలను, ఉత్తరములను కంప్యూటరునకు అందించి, ఒక మాట తరువాత ఏ మాట రావలెనో ఊహించుట దానికి నేర్పుదురు. ఇట్లు నేర్చిన యంత్రము అడిగిన ప్రశ్నకు ఉత్తరము వ్రాయును, ఒక భాషను మరియొక భాషలోనికి మార్చును, కొన్నిసార్లు లేని సంగతిని ఉన్నదానివలెనే ధైర్యముగా చెప్పును. 2022 నవంబరు 30వ తేదీన ఓపెన్ ఏఐ అను అమెరికా కంపెనీ చాట్‌జీపీటీని లోకమునకు విడిచినది మొదలు ఈ సంగతి ఇంటింటి మాటయైనది.

దీనిని వట్టి గారడీ అనుట సత్యము కాదు. శరీరములోని ప్రోటీనుల ఆకృతిని ఇట్టి యంత్రముచేత కనుగొన్నందుకు డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ అనువారికి 2024లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమానములో పాలు దొరకెను. మందులు కనిపెట్టువారికి అది గొప్ప సహాయము. మంచిని మంచి అనుటకు మనము సంకోచింపరాదు.

అయితే ఆ కంపెనీల యజమానులును, ఆ వ్యాపారములో ధనవంతులైనవారును చెప్పుచున్న మాటలు ఇంతటితో ఆగుటలేదు. మైక్రోసాఫ్టు స్థాపకులలో ఒకడైన బిల్ గేట్స్ 2025 ఫిబ్రవరిలో అమెరికా టెలివిజనులో మాటలాడుచు, పదేండ్లలో మంచి వైద్య సలహాయు మంచి చదువును ఉచితముగా అందరికిని దొరకుననియు, అనేకమైన పనులకు మనుష్యుల అవసరముండదనియు చెప్పెను. మన సహోదరుని చెవిని పడినది ఈ మాటయే. ఓపెన్ ఏఐ అధిపతియైన శామ్ ఆల్ట్‌మన్ 2024 సెప్టెంబరులో, మనుష్యుని బహుగా మించిన మేధ కొన్ని వేల దినములలో రావచ్చునని వ్రాసి, వాతావరణపు చిక్కు తీరుట, ఆకాశమండలమున కాపురములు వెలయుట కూడ అందులో చేర్చెను. ఆంత్రోపిక్ కంపెనీ అధిపతియైన డారియో అమోడీ 2024 అక్టోబరులో, యాబది నుండి నూరేండ్లకు జరుగవలసిన వైద్యశాస్త్ర ప్రగతి అయిదు లేక పది యేండ్లలో జరుగవచ్చుననియు, మనుష్యుని ఆయుస్సు రెట్టింపు కావచ్చుననియు వ్రాసెను. ఈలాన్ మస్క్ 2025 నవంబరులో, పది యిరువది యేండ్లలో పని చేయుట చేయకుండుట మనుష్యుని ఇష్టమగుననియు, ధనముతో అక్కర లేకపోవుననియు చెప్పెను. ధనముతో అక్కర లేదని చెప్పిననాటికి ఆయన లోకములోని ధనవంతులందరిలో మొదటివాడు.

ఇంకొక సంగతియు కలదు. 2023 మే నెలలో ఒక చిన్న ప్రకటన వెలువడెను. ఈ మేధవలన మానవజాతి నశించు అపాయమును తగ్గించుట, మహమ్మారులను అణుయుద్ధమును ఆపుటవలెనే లోకమంతటికి ముఖ్యమైన పని కావలెనని దాని భావము. దానిక్రింద ఆల్ట్‌మన్, హస్సాబిస్, అమోడీలు సంతకములు చేసిరి. అనగా రక్షించును అని చెప్పు నోరును, నాశనము చేయవచ్చును అని చెప్పు నోరును ఒక్కటే. ఆ రెండు మాటల నడుమ యంత్రములను కట్టు పని మాత్రము ఒక్క దినమైన ఆగలేదు.

2. హనన్యా మాట, యిర్మీయా ఆమేన్

ఇట్టి మాటలను ఎట్లు వినవలెనో యిర్మీయా గ్రంథములో ఒక అధ్యాయము మనకు చూపుచున్నది. సిద్కియా రాజు ఏలుబడియొక్క నాలుగవ సంవత్సరములో గిబియోను ఊరివాడైన హనన్యా దేవాలయములో, యాజకుల యెదుటను ప్రజలందరి యెదుటను నిలిచి, రెండేండ్లలో బబులోను కాడి విరిగిపోవుననియు, చెరపట్టబడినవారు తిరిగివత్తురనియు చెప్పెను. గడువు చెప్పెను, తీపిగా చెప్పెను, అందరి యెదుట చెప్పెను. వినినవారికి ఎంత సంతోషము కలిగియుండునో మనము ఊహింపవచ్చును.

యిర్మీయా ఇచ్చిన ఉత్తరములో మొదటి మాట ఏది? ఆమేన్ అనునదే. అట్లే జరుగును గాక అని అతడు మొదట అనెను. ఇది మనము గమనింపవలసిన సంగతి. సందేహించువాడు కీడు కోరువాడు కాడు. మందు దొరకవలెనని, చదువు అందరికి అందవలెనని, నడుము విరుగు చాకిరి తగ్గవలెనని మనమును కోరుచున్నాము. మనమును ఆమేన్ అనుచున్నాము. అటుపిమ్మట యిర్మీయా, మేలు జరుగునని చెప్పినవాని మాట ఆ మేలు జరిగినప్పుడే తెలియునని చెప్పెను. అప్పుడు హనన్యా అతని మెడమీది కొయ్యకాడిని తీసి అందరి యెదుట విరిచెను. యిర్మీయా జగడమాడక తన త్రోవను వెళ్లెను.

తరువాతి అధ్యాయము కూడ చదువుడి. చెరలో నున్నవారికి యిర్మీయా ఉత్తరము వ్రాసి, అక్కడ ఇండ్లు కట్టుకొనుమని, తోటలు నాటుకొనుమని, పిల్లలకు పెండ్లిండ్లు చేయుమని చెప్పెను. హనన్యా మాటవలన కలుగు నష్టము ఏదియో ఇక్కడ తెలియుచున్నది. రెండేండ్లలో ఊరికి తిరిగిపోదుము అనుకొన్నవాడు ఉన్నచోట చెట్టు నాటడు. అబద్ధపు ఆశ మనుష్యుని కేవలము నిరాశపరచుటయే కాదు, నేడు నాటవలసిన మొక్కను నాటకుండ చేయును. గేదె డబ్బు చేతపట్టుకొని మెట్లమీద కూర్చున్న ఆ తండ్రి సంగతియు ఇదియే.

3. పాత జోస్యముల లెక్క

జరిగినప్పుడే తెలియును అన్నచో, ఈ విద్యలో గతమున చెప్పిన మాటలు ఎన్ని జరిగినవో చూతము. ఇది డెబ్బది యేండ్ల విద్య. 1955లో అమెరికాలో నలుగురు శాస్త్రజ్ఞులు ఒక మనవి వ్రాసిరి. మరుసటి వేసవిలో పదిమంది రెండు నెలలు కూడి పనిచేసినయెడల, యంత్రములకు బుద్ధి నేర్పుటలో గొప్ప ముందడుగు వేయవచ్చునని వారనిరి. ఆ చొప్పున 1956లో డార్ట్‌మత్ కాలేజీలో కూడిరి. వేసవి గడచెను గాని పని గడువలేదు. 1957లో హెర్బర్ట్ సైమన్ అను పండితుడు, పదేండ్లలో కంప్యూటరు చదరంగములో లోకవిజేతయగునని చెప్పెను. ఆనాటి లోకవిజేతయైన కాస్పరోవును డీప్ బ్లూ అను కంప్యూటరు ఓడించినది 1997 మే నెలలో. పదేండ్లు నలువదియేండ్లాయెను. ఆయనే 1965లో, మనుష్యుడు చేయగల ఏ పనినైనను యంత్రములు ఇరువదియేండ్లలో చేయగలవని వ్రాసెను. 1985 వచ్చెను, పోయెను.

ఈలాన్ మస్క్ 2016లో, తన కంపెనీ కారు మరుసటి సంవత్సరాంతములోగా లాస్ ఏంజెలెస్ నుండి న్యూయార్కు వరకు తనంతట తానే పోవునని చెప్పెను. అది జరుగలేదు. 2019లో, మరుసటి యేడు పది లక్షలకు మించిన కార్లు డ్రైవరు లేక బాడుగకు తిరుగునని చెప్పెను. అదియు జరుగలేదు. 2025 జూనులో ఆస్టిన్ పట్టణమున కొద్ది కార్లతో ఆ పని మొదలుపెట్టినప్పుడు కూడ, కారులో కంపెనీ మనిషి ఒకడు కావలి కూర్చుండెను. మరియొక కంపెనీ కార్లు కొన్ని అమెరికా పట్టణములలో డ్రైవరు లేకయే తిరుగుచున్నవనుట కూడ సత్యము. కాబట్టి జోస్యమంతయు వట్టిదని చెప్పలేము. అది చెప్పిన దినమున రాలేదు, చెప్పిన రీతిగా రాలేదు, కొన్నిసార్లు చెప్పినవాని చేతిమీదుగా రాలేదు.

మన సహోదరుని కుమార్తెకు మిక్కిలి సమీపమైన జోస్యము ఒకటి కలదు. 2016లో జెఫ్రీ హింటన్ అను గొప్ప శాస్త్రజ్ఞుడు, ఎక్స్‌రే స్కానింగు పటములు చదువు వైద్యులకు ఇకమీదట తరిఫీదు ఇచ్చుట మానవలెననియు, అయిదేండ్లలో, కాకున్న పదేండ్లలో, యంత్రము వారికన్న బాగుగా చదువుననియు చెప్పెను. ఆయనకు 2024లో భౌతిక శాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చెను. అంతటి విద్వాంసుడు చెప్పినది ఏమాయెను? యంత్రములు ఆస్పత్రులలోనికి వచ్చినవి, వైద్యులు వాటిని వాడుకొనుచున్నారు. అయినను అమెరికాలో పేరుపొందిన మేయో క్లినిక్ ఆస్పత్రిలో 2016 నాటికన్న 2025 నాటికి ఆ వైద్యులు తగ్గలేదు సరిగదా, పెరిగి నాలుగు వందలకు మించిరి. యంత్రము పటములోని మచ్చను చూపును. ఆ మచ్చను గూర్చి రోగితోను తోటి వైద్యునితోను మాటలాడుట, పాత పటముతో పోల్చుట, ఏమి చేయవలెనో నిర్ణయించుట, తప్పైన బాధ్యత వహించుట ఇంకను మనుష్యుని పనిగానే యున్నవి. తన మాట మరీ విస్తారముగా చెప్పితినని హింటన్ తరువాత ఒప్పుకొనెను. ఆనాడు ఆయన మాట విని తరిఫీదులు మానియుండినయెడల, నేడు రోగుల గతి ఏమైయుండును?

ఎన్నటికిని జరుగదు అన్నవారును తప్పిపోయిరని చెప్పుట న్యాయము. యంత్రముల చదరంగమును చులకన చేసిన హ్యూబర్ట్ డ్రెయ్‌ఫస్ అను తత్వవేత్త 1967లో అట్టి యంత్రము చేతిలోనే ఓడిపోయెను. కాబట్టి తప్పు చెప్పుట పాపము కాదు. రేపటిని గూర్చి మాటలాడు ప్రతివాడును తప్పగలడు. నేను అడుగునది వేరొక ప్రశ్న.

4. వాన సంగతియా, దుక్కి సంగతియా?

రైతు ఆకాశము చూచి "ఈ వారములో వాన వచ్చును" అన్నప్పుడు అది జోస్యము. వాన అతని చేతిలో లేదు. రాకపోయినయెడల అతనిని ఎవరును నిందింపరు. అదే రైతు "ఈ వారములో దుక్కి దున్నుదును" అన్నప్పుడు అది జోస్యము కాదు, అతని నిర్ణయము. దున్నకపోయినయెడల "ఏల దున్నలేదు?" అని అడుగు హక్కు పొలము యజమానికి కలదు. మొదటి మాటలో నున్నది వానను గూర్చిన అంచనా. రెండవ మాటలో నున్నది అతడే.

ఈ ధనవంతుల మాటలను ఈ తక్కెడలో వేసి చూడుడి. వారు దున్నువారై యుండి, ఆకాశము చూచువారివలె మాటలాడుచున్నారు. "ఉద్యోగములు పోవును" అందురు. ఎవరు తీసివేయుదురు? యంత్రము నడచివచ్చి ఎవని కుర్చీని లాగివేయదు. దానిని ఒకడు చేయును, ఒకడు అమ్మును, ఒకడు కొనును, ఒకడు పనివానికి సెలవు చీటి వ్రాసి ఇచ్చును. ఆ నలుగురును మనుష్యులే. 2025 మే నెలలో అమోడీ, క్రొత్తగా చేరువారి ఆఫీసు ఉద్యోగములలో సగము ఒకటి నుండి అయిదేండ్లలో పోవచ్చునని చెప్పెను. హెచ్చరికగానే చెప్పెను. దాచుటకన్న చెప్పుట మేలని ఒప్పుకొందము. అయినను మేఘము తానే అయియుండి, "జాగ్రత్త, వాన వచ్చును" అనువానిని, "అయ్యా, నీవు కురియుట మానవచ్చునా? మెల్లగా కురియవచ్చునా? కురిసినచో మా పైకప్పునకు నీవేమి ఇత్తువు?" అని అడుగవలదా? తీపి జోస్యమునకును చేదు జోస్యమునకును ఈ ప్రశ్న ఒక్కటే.

మన ఊళ్లలో మాటకు ఒక మర్యాద కలదు. "పంట చేతికి రాగానే ఇచ్చెదను" అనువాడు ప్రోనోటు వ్రాసి సంతకము చేయును. రేపటి మాటచేత నేడు సొమ్ము తీసికొన్నవాడు, ఆ మాటకు తన ఆస్తితో బాధ్యుడగును. వాగ్దానమునకును జోస్యమునకును భేదము ఇదియే. వాగ్దానము చెప్పినవానిని కట్టివేయును. జోస్యము చెప్పినవానిని విడిచిపెట్టి వినినవానిని కట్టివేయును.

అట్లయిన ఈ జోస్యములచేత నేడు తీసికొనబడుచున్నదేమి? 2025 జనవరి 21వ తేదీన అమెరికా అధ్యక్షుని భవనములో ఆల్ట్‌మన్, లారీ ఎల్లిసన్, మసాయోషి సన్ అనువారు నిలిచి, నాలుగేండ్లలో 50,000 కోట్ల డాలర్లతో కంప్యూటరు భవనములు కట్టుదుమని ప్రకటించిరి. ఇంత ధనము చేతిలో పెట్టుకొని ఎవరును మొదలుపెట్టరు. అప్పు తేవలెను, వాటాలు అమ్మవలెను. ఇచ్చువాడు నేటి లాభము చూచి ఇయ్యడు, రేపటి ఆశ చూచి ఇచ్చును. కాబట్టి రేపటిని గూర్చిన మాటయే ఈ వ్యాపారములో మొదటి సరకు. సరకు అమ్మువాడు దాని గుణము చెప్పినప్పుడు అబద్ధమే చెప్పునని అనరాదు. ధనవంతుడు ధనవంతుడైనందున అబద్ధికుడు కాడు, పేదవాడు పేదవాడైనందున సత్యవంతుడు కాడు. అయితే విత్తనములు అమ్మువాడు దిగుబడి చెప్పినప్పుడు మనము సంచి విప్పి గింజ చూడక కొనము గదా!

సంతకము కూడ కొన్నిసార్లు చెరిగిపోవును. ఓపెన్ ఏఐ 2015లో లాభము కోరని సంస్థగా పుట్టెను. లాభము చూపవలసిన నిర్బంధము లేదు గనుక మానవులందరి మేలు కొరకు పనిచేయుదుమని చెప్పెను. 2019లో లాభము తీయు శాఖను పెట్టెను. 2025 అక్టోబరులో ఆ శాఖ వాటాదారుల కంపెనీగా రూపు మార్చుకొనెను. ప్రజల మేలు కూడ చూచెదమని దాని నిబంధనలో వ్రాసికొన్నారు, పాత సంస్థకు అధికారమును వాటాయు ఉంచినారు. అయినను పదేండ్లలో తమను గూర్చి తాము చెప్పుకొన్న మాటయే ఇంత మారినయెడల, లోకమును గూర్చి చెప్పిన మాట మారదని ఎట్లు నమ్ముదుము?

ఒకడు ఇట్లనవచ్చును: "పెద్ద ఆశ లేక పెద్ద పని జరుగదు. రైతు కూడ ఆశచేతనే విత్తును." ఇది మంచి మాట. నేను దీనిని త్రోసివేయను. అయితే రైతు విత్తునది తన గింజ, తన చేనిలో. పంట పోయినయెడల మొదట పస్తుండునది తన ఇల్లు. ఆశకు వెల కట్టువాడు తానే అయినప్పుడు ఆ ఆశ ధైర్యమనిపించుకొనును. వెల ఇతరులచేత కట్టించునప్పుడు దానికి ధైర్యమను పేరు తగదు.

5. భారము ఎవరి మెడమీద?

హనన్యా కొయ్యకాడిని విరిచిన తరువాత ప్రజల మెడమీదికి వచ్చినది ఇనుపకాడి యని ఆ అధ్యాయమే చెప్పుచున్నది. చరిత్రలోను ఇట్లు జరిగెను. పత్తి పండించు మనకు జిన్నింగు మిల్లు తెలియును. గింజనుండి దూదిని వేరుచేయు యంత్రమును అమెరికాలో 1793లో ఎలీ విట్నీ చేసెను. చేతివ్రేళ్లతో దినమంతయు చేయు పనిని అది గడియలలో చేసెను. శ్రమ తగ్గించు యంత్రము వచ్చెను గనుక పత్తిచేలలోని బానిసల శ్రమ తగ్గవలెను గదా? పత్తిలో లాభము పెరిగెను, చేలు పెరిగెను, వాటితో బానిసత్వము పెరిగెను. 1790లో అమెరికాలో సుమారు ఏడు లక్షలమంది బానిసలుండగా, 1860 నాటికి వారు సుమారు నలువది లక్షలైరి. యంత్రము తప్పు చేయలేదు. దానివలన మిగిలిన గడియలు ఎవరికి చెందవలెనో నిర్ణయించినవారు చేలలో వంగినవారు కారు.

డారన్ ఏస్‌మోగ్లూ, సైమన్ జాన్సన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2023లో ఒక గ్రంథము ప్రచురించి, వెయ్యేండ్ల చరిత్రనుండి ఇట్టి దృష్టాంతములు చూపిరి. యంత్రముల మేలు తనంతట తానుగా అందరికిని పారదు, కాలువ త్రవ్వినచోటికే పారును అనునది వారి వాదములోని సారము. మరుసటి సంవత్సరము వారిద్దరికిని జేమ్స్ రాబిన్సన్ అనువానికిని కలిపి అర్థశాస్త్రపు నోబెల్ బహుమానము ఇచ్చిరి. ఈ కృత్రిమ మేధవలన పదేండ్లలో దేశపు ఉత్పాదకశక్తి మొత్తముమీద నూటికి ఒక్క పాలైనను పెరుగదని 2024లో ఏస్‌మోగ్లూ లెక్కకట్టెను. ఆయన లెక్కయు తప్పవచ్చును. అయితే ఆ లెక్క తప్పినయెడల ఎవరి గేదెయు పోదు.

నేడు ఈ యంత్రముల భారము మోయుచున్నవారు కొందరు కంటికి కనబడరు. యంత్రము చెడ్డ మాటలు పలుకకుండ దానికి మంచి చెడ్డలు నేర్పుటకై, మిక్కిలి క్రూరమైన వ్రాతలను దినమెల్ల చదివి గుర్తులు పెట్టిన కెన్యా దేశపు పనివారికి గంటకు రెండు డాలర్లకన్న తక్కువ ముట్టెనని 2023 జనవరిలో టైమ్ పత్రిక వెల్లడిచేసెను. కరెంటు సంగతియు చూడుడి. లోకములోని డేటా సెంటర్లు, అనగా ఈ కంప్యూటరు భవనములు, 2024లో సుమారు 41,500 కోట్ల యూనిట్లు కాల్చినవనియు, 2030 నాటికి అది 94,500 కోట్ల యూనిట్లు కావచ్చుననియు అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క చెప్పెను. రాత్రి మోటారుకు కరెంటు ఎప్పుడు వచ్చునా అని మేలుకొని కూర్చుండు మనకు యూనిటు విలువ తెలియును.

ఇది దూరదేశపు మాట కాదు. 2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ కంపెనీ మన విశాఖపట్నమున అయిదేండ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లతో ఇట్టి కేంద్రమును కట్టుదుమని ప్రకటించెను. దానివలన మేలు కలిగినయెడల మనమును సంతోషింతుము, ఆమేన్ అందుము. అయితే భూమి ఎవరిది, నీరు ఎక్కడిది, కరెంటు ధర ఎంత, కట్టిన తరువాత నిలిచియుండు ఉద్యోగములు ఎన్ని, అవి ఎవరికి అను ప్రశ్నలు అడుగుట ద్రోహము కాదు. బజారులో కుండ కొనువాడు కూడ వ్రేలితో తట్టి చూచును.

కాబట్టి ఎవరైనను మీయొద్దకు రేపటి మాట తెచ్చినయెడల మూడు ప్రశ్నలు అడుగుడి. మొదటిది: "జరుగును" అనుచున్నావా, "నేను చేయుదును" అనుచున్నావా? రెండవది: నీ మాట తప్పిపోయినయెడల నష్టపడువాడు ఎవడు, నీవా నేనా? మూడవది: ఆ రేపటి కొరకు నేడు నాయొద్దనుండి ఏమి అడుగుచున్నావు? ఈ మూటికిని తిన్నని ఉత్తరము చెప్పువాడు ధనవంతుడైనను అతని మాట వినదగినది. చెప్పనివాడు ఎంతటి పండితుడైనను అతని మాటచొప్పున మన చెట్టు నాటుట మానరాదు.

6. ఆ సహోదరునికి నేను చెప్పినది

మరునాడు అతడు కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. నేను రాత్రి తలపోసిన సంగతులు చెప్పితిని. 2016లో చెప్పిన జోస్యము ఏమైనదో చెప్పితిని. ఆ పిల్ల శ్రద్ధగా విని, "అయ్యగారూ, ఫొటో చదివేది డాక్టరుగారో మిషనో చదవనివ్వండి. తుంటి విరిగిన ముసలమ్మను నొప్పి పుట్టకుండా బల్ల మీద పడుకోబెట్టేది మేమే కదా?" అనెను. ఈ మాట ఎల్లకాలము నిలుచునో లేదో నేను చెప్పలేను. నేడు మాత్రము అది సత్యము.

"కట్టుము" అను మాట నా నాలుకమీదికి వచ్చెను. అప్పుడే నేను వ్రాసికొన్న రెండవ ప్రశ్న నాకే ఎదురుగా నిలిచెను. నా మాట తప్పినయెడల నష్టపడువాడు ఎవడు? గేదె అతనిది. కష్టము ఆ పిల్లది. నా జీతము నాకు నెలనెల వచ్చును. అమెరికాలో నున్న ధనవంతుని తప్పుపట్టి, నేనును నా మెట్టుమీద నిలిచి వట్టి జోస్యము చెప్పబోవుచుంటిని. నేను సిగ్గుపడితిని.

లోపలికి వెళ్లి నా యింటివారితో మాటలాడి, ఒక తెల్లకాగితము తెచ్చితిని. రెండవ సంవత్సరపు ఫీజులో మూడవవంతు నేను కట్టుదునని వ్రాసి, తేదీ వేసి సంతకము చేసితిని.

"మీ సంతకం ఎందుకయ్యగారూ? మీ నోటి మాట మాకు చాలదా?" అని అతడు వెనుకకు జరిగెను.

"నీకు చాలును తమ్ముడూ, నాకే చాలదు" అంటిని.

గడువులోగా అతడు ఫీజు కట్టెను. పిల్ల హాస్టలునకు వెళ్లినది. మొన్న ఆ ఇంట ప్రార్థనకు పోయినప్పుడు గేదెను కట్టు గుంజ ఖాళీగా కనబడెను. పాలు లేవని తల్లి నాకు నల్లటీ ఇచ్చినది. నేను వ్రాసి ఇచ్చిన కాగితము ప్లాస్టికు సంచిలో చుట్టి, ఇంటి దూలమునకును వాసమునకును నడుమ దోపియున్నది. త్రాగుచున్నంతసేపు నా కన్ను దానిమీదనే యుండెను. ఇంక తొమ్మిది నెలలలో అది నన్ను అడుగును.

సహోదరులారా, మీ పిల్లల రేపటిని గూర్చి గొప్ప మాటలు వినినప్పుడు సంతోషించి ఆమేన్ అనుడి. పిమ్మట మర్యాదగా కాగితము అడుగుడి. మీరును ఇతరుల రేపటిని గూర్చి మాటలాడునప్పుడు కలము చేతపట్టుకొని మాటలాడుడి.